పై వరుస

కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చేవి. ఒకే కంప్యూటర్లో ఇద్దరికీ చెరొక సిస్టం: పైది చెల్లెలిది, కిందది అక్కది. పది సెకన్లలో ఎవరూ ఏ మీటా నొక్కకపోతే పైదే తెరుచుకునేది. అందుకని మూడేళ్ళుగా అక్క రోజూ పొద్దున్నే, నోట్లో పళ్ళపొడి నురగ ఉన్నా సరే, పరుగెత్తుకొచ్చి కింది బాణం మీట నొక్కేది. తన సొంత షాపులో తనకే కడపంక్తి!

ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నది అక్క. డిజైన్ గీయడం, దాన్ని కుట్లుగా మార్చడం చెల్లెలికి చేయి పట్టి నేర్పిందీ అక్కే. ఇప్పుడు ఏకై వచ్చినది మేకై కూర్చుంది. ఆ పొద్దున డిజైన్ పని మీద ఒక హోటల్ యజమానురాలు వచ్చి, కుర్చీలో గుండ్రాయిలా కూర్చున్న అక్కను చూస్తూనే, "చిన్నమ్మాయి లేదా? సరే, తనొచ్చాకే మాట్లాడతాలెండి," అని వెళ్ళిపోయింది. అక్కకు కుళ్ళు పుట్టింది. అసూయే, దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు.

మధ్యాహ్నం చెల్లెలు దారాల కోసం బజారుకు బయలుదేరుతూ ఒక పెన్‌డ్రైవ్, ఒక కాగితం ఇచ్చింది. "అక్కా, నా సిస్టం మరీ పాతదైపోయింది. తీసేసి కొత్తది ఎక్కించాలి. నీ సిస్టం జోలికి అసలు పోదు. ఇందులో రాసినట్టు నొక్కుతూ పోవే, చాలు."

కాగితం మీద వరసగా రాసి ఉంది. మూడోది ఇది: 'రెండు గడులు కనిపిస్తాయి. పైగడికి మాత్రమే ఫార్మాట్ టిక్ పెట్టు, అందులోదంతా చెరిగిపోతుంది. కింది గడి ముట్టుకోకు, నా డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు.'

అక్క ఆ వాక్యం రెండుసార్లు చదివింది. పైగడికి టిక్ పెట్టింది. తెలియక చేయి జారింది అంటే కాదనేవారెవరు? కింది గడికీ పెట్టింది. ఎంటర్ నొక్కింది. చల్లటి నీళ్ళు తాగినంత హాయిగా అనిపించింది, ఆ హాయి నాలుగు నిమిషాలుంది.

చివర్లో తెర ఒక ప్రశ్న అడిగింది: ఏ సిస్టం పై వరుసలో ఉండాలి? కాగితం ముందు వైపు దానికి జవాబు లేదు. వెనక్కి తిప్పితే ఉంది.

'ఆఖరున వరుస అడుగుతుంది. నీది పైన పెట్టేసుకో. రోజూ నువ్వు పరుగెత్తుతుంటే చూడలేక చస్తున్నా. నాది కిందున్నా ఏం పోదు, వడ్డించేది మా అక్కేగా!'

అక్క కాగితం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

చెల్లెలు దారాల సంచితో లోపలికొచ్చి తెర చూసింది, అక్క మొహం చూసింది.

"నీ డిజైన్లు పోయాయే," అంది అక్క.

చెల్లెలు గోడకు ఆనుకుంది. "కింది గడికి కూడా టిక్ పడిందా? నాదే తప్పులే అక్కా, హడావిడిగా రాసి పోయాను. పొరపాటు ఎవరికైనా..." అంది.

అవునని తల ఊపితే చాలు, గండం గట్టెక్కినట్టే.

"పొరపాటు కాదు. నువ్వు రాసింది చదివాను. రెండుసార్లు చదివాను. చదివే పెట్టాను."

చెల్లెలు అరవలేదు. అరిస్తే బాగుండునని అక్క అనుకుంది. చెల్లెలు ముందుకొచ్చి, అక్క భుజం మీదుగా చేయి చాపి, కాగితంలో తాను రాసినట్టే అక్క సిస్టంను పైవరుసలో పెట్టి ఎంటర్ నొక్కింది. దారాల సంచి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైంది. పది సెకన్లు. అక్క ఏ మీటా ముట్టుకోలేదు. ఆమె సిస్టం దానంతటదే తెరుచుకుంది.