మూడో చార

పిన్ని పసుపు చారల బిళ్ళను డబ్బాలో వేసేసి, నల్లచారలది తీసింది. సైనికుల ఆకుమచ్చల చొక్కా మీద హోదా దగ్గరివాళ్ళకే తెలియాలి, దూరానికి గుడ్డలో కలిసిపోవాలి. బిళ్ళను చొక్కాచేతి మీద పెట్టి, వెనక్కి వంగి, కళ్ళు చికిలించి చూసింది. కుదిరింది.

"సంబంధం కుదర్చడం కంటే చారలు కుదర్చడమే నీకు కష్టంగా ఉందే, వదినా," అన్నాడు పక్కన ఇస్త్రీ చేస్తున్న మరిది.

"నీ సంబంధం చూసింది నేనేగా. అప్పట్నుంచి జాగ్రత్తపడ్డా."

సైనికుల గేటు పక్క సందులో ఆ కొట్టు. భర్త పోయాక ఆయన కుట్టుమిషను ముందు కూర్చుంది. వచ్చేవాళ్ళంతా ఆమెను పిన్నీ అనే పిలుస్తారు. వాళ్ళ ముఖాలు ఆమెకు గుర్తుండవు, చొక్కాచేతులు గుర్తుంటాయి. ఒకతను బల్లమీద పెట్టిన చొక్కాను చూడగానే పోల్చుకుంది. దాని మీద మూడు చారలు కుట్టింది తనే.

"మూడు తీసేసి రెండు కుట్టు, పిన్నీ."

ఆమె తలెత్తి అతని ముఖం చూసింది.

"ఒకణ్ణి పైవాళ్ళనడక్కుండా ఇంటికి పంపాను. వాళ్ళమ్మకి బాలేదు. అందుకు నా హోదా తగ్గించారు. రేపు పొద్దున్న నా కుర్రాళ్ళతో కలిసి వరసలో నిలబడాలి. తీసిన జాడ కనిపించకూడదు."

కుట్లు విప్పితే కింద గుడ్డ ముదురుగా, కొత్తదానిలా ఉంది. చుట్టూ అంతా వెలిసిపోయింది. రెండు చారల బిళ్ళ పెడితే కిందుగా మూడోదాని నీడ మిగిలింది. బిళ్ళను జరపడానికి లేదు, భుజం నుంచి ఇంత అని కొలత ఉంది.

"సాయంత్రం రా," అంది. పాత బిళ్ళను అతను జేబులో వేసుకోబోతే, "అది ఇక్కడుంచు. మళ్ళీ కుట్టాలి కదా," అంది.

మందపాటి గుడ్డకు నీడ ఉన్న మేర కిటికీలా కోసి, చొక్కాచేతికి చుట్టింది. మెట్లమీద ఎండలో పరిచి, ఆ కిటికీలోంచి నీడ మీద సబ్బునీళ్ళు అద్దుతూ కూర్చుంది. ఆరితే మళ్ళీ తడి. అన్నానికి కూడా లేవలేదు.

"చంటిపిల్లకి నీళ్ళు పోసినట్టుంది నీ వరస," అన్నాడు మరిది.

"నువ్వు బొగ్గులు చూసుకో. దీన్ని మాడ్చావంటే నీకే తొడిగి వరసలో నిలబెడతా."

మధ్యాహ్నం ఎడంచెయ్యి లాగుతోందని ఒకసారి అంది. డాక్టరు దగ్గరకి వెళ్దాం పద అన్నాడు మరిది.

"ఎండ పోతుంది," అంది.

పొద్దు వాలేసరికి నీడ వెలిసింది. తెలిసి వెతికితే తప్ప కనబడదు. రెండు చారలు కుట్టి, దారం కొరికి, చొక్కా మరిదికి ఇచ్చింది. అతను ఇస్త్రీ చేసి తిరిగి చూస్తే ఆమె తల మిషను మీద ఆనించి ఉంది. కునుకు తీస్తోందనుకుని ఇస్త్రీపెట్టెను చప్పుడు కాకుండా పక్కన పెట్టాడు.

సైనికుడు వచ్చాడు. చొక్కాచేతిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "పిన్నీ," అని పిలిచాడు. రెండోసారి మరిది పిలిచాడు.

మర్నాడు పొద్దున్న సైనికుడు ఆ చొక్కాతోనే వరసలో నిలబడ్డాడు. అతని చేతివంక ఎవరూ తేరిపార చూడలేదు.

దినాలయ్యాక కొట్టు సర్దుతూ మరిది డబ్బా తెరిచాడు. అన్నిటికంటే పైన ఆ మూడు చారల బిళ్ళ ఉంది, పాత దారపు ముక్కలన్నీ ఏరేసి, నల్లదారం ఎక్కించిన సూది గుచ్చి.