చెరగని ఎరుపు

"చేతులు సబ్బుతో కడిగావా, ఉత్త నీళ్లతోనా?" వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు మళ్లీ అడిగింది. వారం నుంచీ ఇదే వరస. ప్రయోగశాలలో నలభై టమాటా మొక్కలు కుళ్లి చచ్చాయని ఇంట్లో నోరు జారడమే కోడలు చేసిన పాపం. "బూజు పెంచే చేతులు కదమ్మా!" అని భర్త నవ్వాడు కూడా.

ప్రయోగశాల పెద్దసారు అన్న మాట ఇంకా చురుక్కుమంటూనే ఉంది. "ఇంట్లో పది పనులు చక్కబెట్టుకుని పరుగున వస్తావు. నువ్వు పరిశోధనకని పెంచే బూజు నీ చేతుల మీదుగానే మొక్కలకి అంటుకుని ఉంటుంది." అందరి ముందూ అన్నాడు. ఆమె కాదనలేదు. పాలు పొంగినా, పిల్లకి జ్వరమొచ్చినా ముందు తననే అనుమానించుకునే మనిషి. ఆ వారమంతా మొక్కల గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

శుక్రవారం ప్రయోగశాలలో గాజు పళ్లాలు కడుగుతుంటే ఒక సంగతి తట్టింది. మొక్క కణాల్ని అతికించి ఉంచే జిగురు పెక్టిన్. బూజు ఒక ఎంజైమును వదిలి ఆ జిగురును కరిగిస్తేనే మొక్క కుళ్లుతుంది. తను మూడేళ్లు కష్టపడి తయారుచేసిన బూజు రకానికి ఆ ఎంజైమే లేదు. కోరలు పీకేసిన బూజది. నలభై మొక్కల్ని ఎలా తింటుంది? ఇంత తెలిసిన తనకి ఇన్నాళ్లూ ఈ ముక్క ఎందుకు తోచలేదు? తప్పు ఒప్పేసుకునే తొందరలో ఆలోచించడానికి తీరికేదీ!

పెక్టిన్ కలిపిన జెల్లీని రెండు పళ్లాల్లో పోసింది. ఒకదానిలో తన బూజు, ఇంకోదానిలో చచ్చిన మొక్క మీది బూజు పెట్టింది. సోమవారం రెండింటిలోనూ ఎర్రరంగు పోసి కడిగింది. పెక్టిన్ మిగిలిన చోటే ఆ రంగు నిలుస్తుంది. చచ్చిన మొక్క బూజు చుట్టూ బొత్తామంత మేర రంగు పోయి తెల్లబడింది. తన పళ్లెం మాత్రం అంచు నుంచి అంచు దాకా ఎర్రగానే ఉంది. స్టూలు మీద కూలబడి, కళ్లు తుడుచుకుని, తనలో తనే నవ్వుకుంది.

"అయితే బయటి నుంచి వచ్చిందన్నమాట," అన్నాడు పెద్దసారు పళ్లాలు చూసి. "సరేలేమ్మా, అయిందేదో అయింది."

"నా వల్లేనని అందరి ముందూ అన్నారు సార్. కాదనీ అందరి ముందే చెప్పండి."

ఆయన ఒకసారి దగ్గి, అందర్నీ పిలిచాడు. "ఈవిడ వల్ల కాదు. నేనే తొందరపడ్డాను."

సాయంత్రం బయటికొచ్చేసరికి భర్త ఫోను. "వంట చేసి వెళ్లలేదా? అమ్మ గిన్నెలన్నీ వెతుకుతోంది."

"నేను చేయలేదు," అంది.

వెనకాల ఏ సంజాయిషీ తగిలించకుండా ఆ మాట అనడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.