వ్యాసపీఠం మీద ఫోను

నేను ఒక వ్యాసపీఠాన్ని. రెండు పలకలు ఒకదానిలో ఒకటి దూరి, కత్తెరలా తెరుచుకుని, ఒళ్లో పుస్తకాన్ని పట్టుకునే కర్ర పీటను. మూసేస్తే గోడకు ఒరిగి, చీపురు పక్కన నిలబడతాను. నోరు లేనిదాన్ని. వినడమే నా పని.

బొబ్బిలి పక్క పల్లెలో పనసదుంగ తొలిచి వీణ చేస్తుంటే, పక్కకు పడిన ముక్కను నేను. నా తోబుట్టువు వీణై, మెత్తటి గుడ్డలో చుట్టించుకుని, బండెక్కి వెళ్లిపోయింది. మళ్లీ చూడలేదు. చిన్నప్పయ్య అనే ముసలి వడ్రంగి నన్ను చేతిలోకి తీసుకుని, "దీనికి పాట రాదు గానీ, ఇనడం వస్తాది" అన్నాడు. ఒకే చెక్కను రెండుగా చీల్చి, మధ్యలో పళ్లు కోసి, మేకు కొట్టకుండా కలిపాడు. పుట్టిన రోజే ఒక ఎడబాటు చూశాను. అందుకేనేమో, ఆ తర్వాతివన్నీ నా ఎదుటే జరుగుతూ వచ్చాయి.

జాతరలో నన్ను కొన్నది విజయనగరం జూటుమిల్లులో పనిచేసే అప్పలస్వామి. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, నా మీద పురాణం పెట్టుకుని పైకి చదివేవాడు. ఆయన చదువుకు ఒక నియమం ఉంది. వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే ఆయన వాక్యం మధ్యలోనే ఆగిపోయి, "నాను మనుషులకి సదువుతున్నానా, గోడకా?" అనేవాడు. ఆ పని కొత్తగా కాపరానికొచ్చిన చిన్నకోడలు పైడమ్మ మీద పడింది. బడి గడప తొక్కని పిల్ల. నాకు ఎదురుగా కూర్చుని ఊఁ కొడుతూ, మామగారి వేలు ఏ అక్షరం మీద ఉంటే నోట ఏ మాట వస్తోందో చూసేది. అలా చూసి చూసి చదువు నేర్చుకుంది. కాకపోతే తలకిందులుగా నేర్చుకుంది. ఈనాటికీ పుస్తకం తిరగేసి పెడితేనే ఆమెకు అక్షరాలు లొంగుతాయి.

ఊఁ అంటే ఒకటే అనుకుంటారు. కాదు. కథ సాఫీగా నడిచేచోట పొట్టి ఊఁ. ఆపద ముంచుకొస్తుంటే సాగదీసిన ఊఁ. ఏడుపొచ్చేచోట మూసిన పెదవుల వెనక నుంచి, దాదాపు వినిపించకుండా వచ్చేది మరొకటి. పైడమ్మకు అన్నీ వచ్చు.

మామగారు పోయాక పంపకాల్లో పుస్తకం బావగారి వాటాకు వెళ్లింది, పీట పైడమ్మకు మిగిలింది. తర్వాత భర్త పోయాడు. మిగిలినవాడు కొడుకు గౌరునాయుడు. పెళ్లయిన కొత్తలోనే అతను పారాదీపు రేవులో పనికి వెళ్లాడు. అత్తా కోడళ్లిద్దరూ విజయనగరంలోనే, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండిపోయారు. ఆదివారం మధ్యాహ్నం అతను ఫోను చేసేవాడు. ఫోను చేతిలోంచి జారిపోతుందని పైడమ్మకు భయం. అందుకని నన్ను తెరిచి, నా మీద ఫోను ఆనించి, పురాణం వింటున్నట్టే ఎదురుగా కూర్చునేది.

ఒక ఆదివారం అతను అక్కడ చూసిన ఇంటి గురించి చెబుతున్నాడు. వంటగదికి పెద్ద కిటికీ ఉందట. "నీళ్లకి ఇబ్బంది నేదు. పండగెల్లాక మీ ఇద్దర్నీ తీసుకొచ్చేస్తాను. అమ్మా, నువ్వు మాత్రం..." అన్నాడు. లైను తెగింది. పైడమ్మకు తెలియలేదు. ఊఁ అంది. కాసేపాగి మళ్లీ ఊఁ అంది. కోడలు వచ్చి, "కట్ అయిపోయిందత్తా" అనేదాకా అంటూనే ఉంది. మళ్లీ చేస్తాడులే అనుకున్నారు. ఆ సాయంత్రమే రేవులో క్రేను గొలుసు తెగింది.

"నువ్వు మాత్రం" తర్వాత ఏముందో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి ఎదుట ఎవరు మాట్లాడినా పైడమ్మ ఊఁ ఆపదు. తన ఊఁ ఆగితే అవతలి మనిషి ఉండడేమోనని ఆమె బెంగ.

కోడలి పేరు కుముద. డిగ్రీ చదివింది, నెమ్మదస్తురాలు. అతను పోయాక కూడా అత్తను వదిలి వెళ్లలేదు. కానీ రాయపూరులో ఉన్న ఆమె అన్న కనకారావు ఊరుకోలేదు. ఫోనులో గట్టిగా చెప్పేశాడు. "అత్తాకోడళ్లిద్దరూ ఎన్నాళ్లే ఇలాగ? నీకంటూ ఒక ఉద్యోగముంటే సరే, నేనేమీ అనను. లేకపోతే అమావాస్య వెళ్లగానే వచ్చి తీసుకుపోతాను. ఆవిడ పెద్దకొడుకుల ఇళ్లకి వెళ్తారు."

పైడమ్మకు పెద్దకొడుకులు లేరు. ఉన్నది బావగారి పిల్లలు. ఆ మాట ఆమె అనలేదు. "మీ అన్న అన్నదాంట్లో తప్పు నేదు గుంటా" అంది. ఆ పూట అన్నం సగంలో వదిలేసింది.

అప్పుడే ఒక ఉద్యోగం కనబడింది. ఆసుపత్రులకు ఫోను చేసే రోగులతో ఇంట్లోంచే మాట్లాడి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలో చెప్పే పని. ఇంటర్వ్యూ కూడా ఫోనులోనే, ముఖం చూపిస్తూ. కుముదకు కొత్తవాళ్ల ముందు మాట పెగలదు. "మాట్లాడుతూ వీడియో తీసుకుని చూసుకో. ఎక్కడ తడబడుతున్నావో తెలుస్తుంది" అని చిన్ననాటి స్నేహితురాలు చెప్పింది.

అలా నా మీద మళ్లీ ఫోను ఎక్కింది. ట్రంకుపెట్టె మీద నేను, నా మీద ఫోను, జారకుండా పాత చీర అంచుతో ఒక కట్టు. వెనక గోడకు పెచ్చులూడాయని దుప్పటి వేలాడదీశారు. కుముద మెడ దాకా ఇస్త్రీ చొక్కా, కింద వంటింటి మరకల పైజామా. మనుషులు సగమే ఉద్యోగానికి వెళ్లే కాలం వచ్చిందన్నమాట.

"మీ గురించి చెప్పండి" అని తనే అడుక్కుని, తనే జవాబు చెప్పింది. బాగా చెప్పింది. మొదటి వీడియో చూసుకుంటూ కనుబొమలు ముడిచింది.

"అత్తా, ఇలా రా. ఇది విను."

విన్నారు. "నా పేరు కుముద." ఊఁ. "నేను విజయనగరంలో ఉంటాను." ఊఁ. "బీకాం చదివాను." ఊఁ.

"ఓలమ్మో! అది నానేనా?" పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు కాకపోతే ఆ పీటా? పక్కనుంచి ఎవరో జవాబులు అందిస్తున్నారనుకుంటారు. ఉద్యోగం ఊడిపోద్ది."

"ఇంకా రానిదే ఊడిపోద్దేటే! సరే, నోరు మూసుకుంటాను."

మూసుకుంది. రెండో వీడియోలో ముక్కులోంచి వచ్చింది. మూడోసారి నోటినిండా నీళ్లు పట్టి కూర్చుంది. కుముద తన భర్త పోయిన సంగతి చెప్పవలసిన చోటుకు వచ్చేసరికి, పైడమ్మ తెలియకుండానే ఊఁ అనబోయి నీళ్లన్నీ నా మీద చిమ్మింది. ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి ఏ క్షణాన ఆపారో తెలియదు, ఇద్దరి కళ్లూ ఒక్కలాగే తడిసి ఉన్నాయి.

"నాను పెరట్లో ఉంటాను. తలుపేసుకో" అంది పైడమ్మ.

భయం మొదలైంది అప్పుడే. తలుపు వేసుకుని తీసిన వీడియోలో కుముద ఒక వాక్యం చెప్పి ఆగింది. తలుపు వైపు చూసింది. ఇంకో వాక్యం చెప్పి మళ్లీ చూసింది. మూడో వాక్యం రాలేదు. ఆమె ముఖం మాత్రం అలా ఉండిపోయింది, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు. మళ్లీ తీసింది. మళ్లీ అంతే. ఊఁ ఉంటే ఉద్యోగం రాదు, ఊఁ లేకపోతే మాట రాదు.

పాడైన వీడియోలు చెరిపెయ్యబోతే పైడమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉంచే. మాటాడే మనిషిని అలాగ తీసెయ్యకూడదు."

"తప్పులత్తా ఇవన్నీ!"

"తప్పులే ఉంచు. మావోడివి తప్పుల్తో కూడా ఒక్కటి నేదు."

కుముద చెరపలేదు. అమావాస్య దగ్గరపడింది. పైడమ్మ క్యాలెండరు కేసి చూడడం మానేసింది. ఒకరోజు కోడలి చీరలు ఎండలో వేసి, మడతపెట్టి, పెట్టె అడుగున కాకుండా పైనే పెట్టింది. వెళ్లేటప్పుడు వెతుక్కోకుండా అన్నమాట. పెట్టె మీద ఉన్నది నేనే కదా, నన్ను తీసి పక్కన పెట్టి, మూత వేశాక మళ్లీ ఎక్కించింది.

ఇంటర్వ్యూ రోజు కుక్కరు పెట్టలేదు. పాలవాడికి ముందే చెప్పారు. కరెంటు పోకూడదని పైడితల్లికి మొక్కుకున్నారు. పైడమ్మ గదిలోంచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఎల్లొస్తాను" అంది, పక్కగదికి వెళ్లడానికి.

నేను ఫోను వెనక ఉన్నాను గనక అవతలివాళ్ల ముఖాలు చూడలేదు, గొంతులే విన్నాను. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. "గదిలో ఇంకెవరైనా ఉన్నారా?" అని ఆయన అడిగాడు. కుముద కట్టు విప్పి, ఫోను తిప్పి నాలుగు మూలలూ చూపించి మళ్లీ నాకు కట్టింది.

"మీ గురించి చెప్పండి."

ఒక వాక్యం చెప్పింది. అవతల నిశ్శబ్దం. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఊఁ కొట్టరు కాబోలు, కళ్లార్పకుండా చూస్తారట. రెండో వాక్యం సగంలో తెగింది. ఆమె తలుపు వైపు చూసింది.

"అటు ఎవరున్నారండీ?"

"ఎవరూ... లేరండి."

ఆమె మోకాలు ట్రంకుపెట్టెకు తగిలి, నా పళ్లు కదిలి కిర్రుమన్నాయి. వీణ కావలసిన చెక్కను, ఆ పూట అంతకుమించి ఏమీ చేయలేకపోయాను.

అప్పుడు ఆడ గొంతు అంది. "పోనీ వదిలెయ్యండి. నేను ఫోను చేసిన పేషెంటుని అనుకోండి. నా మాటలు వినండి. అమ్మా, నాకు మోకాలి నొప్పండీ. మెట్లు దిగలేకపోతున్నాను."

"ఊఁ" అంది కుముద. పొట్టిది.

"డాక్టరు దగ్గరకు వెళ్లడానికి తోడు ఎవరూ లేరండీ."

"ఊఁ..." సాగింది.

ఆవిడ కాగితం చూసి చదువుతున్నట్టుంది మొదట. తర్వాత గొంతు మారింది. పాత్రలోని ముసలమ్మ ఎక్కడో తప్పుకుంది. ఆవిడ సొంత అమ్మ ఒక్కతే ఉంటుందట, నొప్పి ఉన్నా లేదంటుందట, ఫోను పెట్టేముందు ఏదో అనబోయి ఆగిపోతుందట. కుముద పెదవులు కదలలేదు. మూడో రకం ఊఁ వచ్చింది, వినిపించీ వినిపించకుండా. తర్వాత తడబడకుండా అడిగింది. "ఏమనబోయి ఆగిపోతారండీ? ఒకసారి మీరు పెట్టెయ్యకుండా ఉండి చూశారా?"

అవతల కాగితం పక్కన పెట్టిన చప్పుడైంది. "ఇలా వినడం ఎక్కడ నేర్చుకున్నారు?" అంది ఆవిడ.

"మా అత్త దగ్గరండి."

కుముద తలుపు తీసేసరికి పక్కగదిలో పైడమ్మ లేదు. పెరట్లో, బట్టలుతికే బండ మీద, నోటిలో కొంగు కుక్కుకుని కూర్చుని ఉంది.

"నానే చెడగొట్టేసినానే! నోరు నొక్కి పట్టుకున్నాను, అయినా వచ్చేసింది. నా చెవుల్తో ఇన్నాను నా ఊఁ. అందుకే ఇటొచ్చేసినాను."

"నీది కాదత్తా. అది నాది."

పైడమ్మ నమ్మలేదు. ఉద్యోగం ఇచ్చామని కబురొచ్చాక కూడా, తన గొంతు కోడలి నోట్లోకి ఎలా వెళ్లిందో ఆమెకు అర్థం కాలేదు.

అమావాస్య వెళ్లాక కనకారావు వచ్చాడు. టీ తాగి, దుప్పటి కట్టిన గోడ చూసి, "ఇదేనా ఆఫీసు?" అని నవ్వాడు. "వెళ్లొస్తానమ్మా" అని పైడమ్మ కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఒక్కడే వెళ్లాడు. అతని ఆటో మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తీసుకుపోవడానికి వచ్చినవాడి కోసం కూడా ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. వెళ్లడమంటే వెళ్లడమే ఆమెకు.

కంపెనీ నుంచి కంప్యూటరు వచ్చింది. దానికి నా అవసరం లేదు. నేను తిరిగి పైడమ్మ ముందుకు వచ్చాను. పగలంతా కుముద గదిలో తలుపు వేసుకుని ఎవరెవరి బాధలో వింటుంది. ఇవతల పైడమ్మ, కుముద కొనిచ్చిన పురాణం నా మీద తిరగేసి పెట్టుకుని, మామగారిలాగే పైకి చదువుతుంది. ఒక వాక్యం చదివి ఆగుతుంది. తలుపు అవతలి నుంచి ఊఁ వినబడుతుంది. ఆ ఊఁ తనకు కాదని, ఏ ఊళ్లోనో నొప్పితో ఉన్న ఎవరికోనని ఆమెకు తెలుసు.

అయినా పేజీ తిప్పుతుంది. ఒక్కోసారి ఊఁ ఆలస్యమవుతుంది. అప్పుడు ఆమె వేలు అక్షరం మీదే ఆగిపోతుంది. మేమిద్దరం తలుపు వైపే చెవి పెట్టి ఉంటాం.

ఊఁ.

మళ్లీ మొదలుపెడుతుంది.