పేపర్ వెంకట్రాములు

వీపనగండ్లలో ఉత్త వెంకట్రాములు ఎవరికీ తెలియదు. పేపర్ వెంకట్రాములు అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఏళ్ల తరబడి పొద్దున్నే ఖాజా చాయ్ హోటల్లో నడిమి బల్ల మీద కూర్చుని పేపర్ పైకి చదవడం ఆయన పని. జీతం లేదు, ఖాజా పోసే చాయ్ తప్ప. పల్లికాయ ధర దగ్గర ఆగి రైతు పెంటయ్య మొహంలోకి చూసేవాడు, సినిమా కబురు దగ్గర కళ్లెగరేసేవాడు, నాయకుల మాటలకు తన మాటలు నాలుగు కలిపేవాడు. మధ్యలో ఎవడో ఒకడు అడ్డం తగలాలి, ఈయన కసరాలి. అలా అయితేనే అది వార్త.

ఈ వైభోగంలో సెల్‌ఫోన్ల దుకాణం సుదర్శన్ నిప్పులు పోశాడు. మీసాలు సరిగా మొలవని కుర్రాడు, ఫోన్లో ఊరి వార్తల ఛానల్ పెట్టాడు. అది చాలదన్నట్టు ఖాజాకు ఒక స్పీకర్ కూడా తెచ్చి ఇచ్చాడు. ఖాజా తన ఫోన్లో ఆ వార్తలు పెడితే సుదర్శన్ గొంతు హోటలంతా ఖంగుమనేది. మొదటిరోజే వెంకట్రాములు పేపర్ మడిచి చంకలో పెట్టుకుని లేచొచ్చాడు. మర్నాడు వట్టి చేతులతో వెళ్లి, పేపర్ ఏదని ఎవరైనా అడుగుతారేమోనని చూశాడు. ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి వెంకట్రాములు, సుదర్శన్ వార్తల వేళకు తన ఇంట్లో హోటల్ వైపు కిటికీ మూసేయడం అలవాటు చేసుకున్నాడు. హోటల్‌కూ ఆయన ఇంటికీ మధ్య సన్నటి సందు ఒకటే అడ్డం.

కడుపుమంట ఊరికే ఉండనిస్తుందా? వనపర్తి బస్సెక్కి సుదర్శన్ ఫోన్ కంటే పెద్ద ఫోన్ కొనుక్కొచ్చాడు, మొహం మీద వెలుగు కొట్టే గుండ్రటి లైటు కూడా. వాడి ఫోన్ వెనక కెమెరాలు రెండైతే తనదానికి మూడు. అందరికీ చూపించడానికి హోటల్‌కు పట్టుకెళితే, ఖాజా సరదాపడి దాన్ని తన స్పీకర్‌కు కలిపి ఒక పాట మోగించాడు. ఒకసారి కలిపితే చాలు, ఇక దగ్గరుంటే అదే అందుకుంటుందని కూడా చెప్పాడు. వెంకట్రాములు ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. ఆయన కళ్లన్నీ పక్కన కూర్చున్న సుదర్శన్ మొహం మీదే ఉన్నాయి, అది ఎక్కడైనా మాడిందా అని.

మరునాడు పొద్దున్నే కిటికీ మూసి, లైటు వెలిగించి, తనూ పెట్టబోయే ఛానల్‌కు తొలి వార్తలు చదువుతూ ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. అడ్డం తగిలేవాడు లేక గొంతు చప్పబడింది. భార్య జయశ్రీ తలుపు దగ్గర నిలబడి కిసుక్కున నవ్వింది. దాంతో ఫోన్ ఆపడం మరిచిపోయి ఆమె మీద విరుచుకుపడ్డాడు. కోపం చల్లారాక ఎలా వచ్చిందో చూద్దామని నొక్కితే బొమ్మ కదులుతోంది గానీ మాట లేదు. సౌండు నిండా పెంచాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. కొత్త ఫోన్ మూగబోయింది.

ఊళ్లో ఫోన్ల సంగతి తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు సుదర్శన్ కావడం వెంకట్రాములు ఖర్మ. పళ్లు నూరుకుంటూ, ఆడుతున్న ఫోన్ చెవికి ఆనించుకుంటూ సందు దాటాడు.

హోటల్లో అందరూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. చాయ్ గ్లాసులు చేతుల్లోనే ఉన్నాయి. స్పీకర్ లోంచి ఆయన గొంతే వస్తోంది.

"నాకు కుళ్లు గాదే. సుదర్శన్ గాడు మాట్లాడితే ఊరంత నోరు తెరుసుకొని ఇంటది. ఇన్నేండ్లు పెంటయ్యకు పల్లికాయ రేటు ఎవరు చెప్పిండ్రు? ఒక్కడన్న అడిగిండా, పేపర్ ఏదని?"

వెంకట్రాములుకు నేల చీలితే బాగుండుననిపించింది. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నారో వీళ్లు! సుదర్శన్ లేచి వచ్చి, మెల్లగా ఫోన్ తీసుకుని ఆపాడు. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటేనే నయం, తిట్టడానికి వీలుండేది.

పెంటయ్య గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వే తెస్తలేవు గదనయ్యా. పెద్ద ఫోన్ కొన్నవు, ఇంగ పేపర్ ఏం చదువుతడులే అనుకున్న. ఆ డబ్బాను ఏమన్న అడిగితే జవాబియ్యదు."

వెంకట్రాములు గిరుక్కున వెనుదిరిగాడు. ఇంటికెళ్లి చూస్తే ఆనాటి పేపర్ మీద జయశ్రీ మిరపకాయలు ఆరబోసింది. వాటిని చేటలోకి ఎత్తి, పేపర్ దులిపి పట్టుకొచ్చాడు. నడిమి బల్ల మీద కూర్చుని మార్కెట్ ధరలతో మొదలుపెట్టాడు. మొదటి మాటకే ఘాటు ముక్కుకెక్కి తుమ్మొచ్చింది. ఎవడో అడ్డం తగిలాడు. ఈయన కసిరాడు.

సగం చదివాక ఓరకంట చూస్తే, సుదర్శన్ ఫోన్ ఎత్తి తననే వీడియో తీస్తున్నాడు. రేపు ఇది వాడి ఛానల్లో వస్తుంది, కింద వాడి పేరే పడుతుంది. వెంకట్రాములుకు మళ్లీ కడుపు భగ్గున మండింది. అయినా కెమెరాకు మొహం కనపడేలా పేపర్ జర కిందికి దించి, గొంతు పెంచాడు.