పసిపిల్లలు రాకూడని గది

తనకల్లులో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే కేంద్రం తెరిచిన ఏడాది వానలు పడలేదు. ఉరవకొండ నుంచి వచ్చిన ఆంజినమ్మ అక్కడ టీచరు. ఆరునెలలు నేర్చుకుంటే సొంతానికి మిషను ఇస్తారని తెలిసి చిన్న వయసు తల్లులు చాలామంది చేరారు. కూలి దొరకని కాలంలో వాళ్ళకు వేరే ఆశ లేదు.

మొదట్లో ఒకామె బిడ్డ పాకుతూ పోయి మిషను చక్రంలో వేలు పెట్టింది. వేలు నలిగింది. ఆంజినమ్మ భయపడి, ఇకమీదట పసిపిల్లల్ని లోపలికి తేవద్దంది. మర్నాటి నుంచి గదిలో ఏడుపులు లేవు. పిల్లల్ని ఎక్కడ వదిలి వస్తున్నారని అడిగితే, అవ్వ దగ్గరనీ పక్కింట్లో అనీ చెప్పారు. ఆమె నమ్మింది.

అందరిలోకీ రమీజా కుట్టు చక్కనిది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. కొడుకు కడుపులో ఉండగానే, భర్త రహంతుల్లా బావి తవ్వుతుంటే గట్టు విరిగి మీద పడి చనిపోయాడు. పిల్లవాణ్ణి పక్కింటి ఖాతూన్‌బీ చూసుకుంటోందని ఆమె చెప్పింది.

ఒక మధ్యాహ్నం నీళ్ళ కోసం వెళ్ళిన ఆంజినమ్మకు బావి దగ్గర ఆ ఖాతూన్‌బీ కనిపించింది. పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించి వచ్చావని మాటవరసకు అడిగింది.

“ఏ పిల్లోడు టీచరమ్మా?” అంది ముసలామె. “నేను పొద్దన్నుంచీ కరువు పనికాడ రాళ్ళు కొడతాండా.”

ఆంజినమ్మ బిందె అక్కడే దించి రమీజా గుడిసెకు నడిచింది. ఖాతూన్‌బీ వెనకాలే వచ్చింది. తలుపుకు తాడు కట్టి ఉంది. విప్పి లోపలికి వెళితే, పాతచీర ఉయ్యాలలో పిల్లవాడు పడుకొని ఉన్నాడు. పెదవుల మీద ఈగలు వాలుతున్నా మెదలడం లేదు. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. అరికాలు గిల్లినా ఏడవలేదు. ఊపిరి ఉందో లేదోనని ఆంజినమ్మ వాడి ముక్కు దగ్గర చెంప ఆనించింది. ఖాతూన్‌బీ వాడి కనురెప్ప ఎత్తి చూసి, నిద్రపుచ్చడానికి నల్లమందు పెట్టినట్టుందని మెల్లగా చెప్పింది.

ఆ మాట చెవిన పడింది గానీ, ఆంజినమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పిల్లవాణ్ణి భుజాన వేసుకొని, రమీజాకు కబురు పంపింది.

కబురు అందగానే రమీజా మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. టీచరూ తల్లీ పిల్లవాణ్ణి తీసుకొని బస్సులో కదిరి ఆస్పత్రికి చేరారు. డాక్టరు గొట్టం వేసి పిల్లవాడి కడుపు కడిగాడు. వాణ్ణి నిద్రపోనివ్వకండి, అరికాళ్ళు తడుతూ ఉండండి అన్నాడు. ఒక కాలు తల్లి పట్టుకుంది, ఒక కాలు టీచరు పట్టుకుంది. అడగకుండానే రమీజా చెప్పింది.

“ఎత్తుకొస్తే వద్దంటిరి. ఇంట్లో ఇడ్సి వస్తే ఏడ్సి ఏడ్సి గొంతు పోతాండె. ఇది పెడితే మెదలకుండా పండుకుంటాండె. మా అమ్మ మాకూ ఇదే పెట్టినాది టీచరమ్మా. ఈ పొద్దు రొంత ఎక్కువైనట్టుండాది.”

సాయంత్రానికి వాడు సన్నగా ఏడ్చాడు. రమీజా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నేలమీద కూలబడింది.

మర్నాడు కేంద్రంలో ఆంజినమ్మ జరిగింది చెప్పి, మీలో ఇంకెవరైనా ఇలా చేస్తున్నారా అని అడిగింది. అందరూ తల వంచుకొని కుడుతూనే ఉన్నారు. చివరికి నల్లమ్మ మిషను ఆపింది. తర్వాత తిప్పమ్మ ఆపింది. ఒక్కొక్కటిగా ఇంకొన్ని మిషన్లు ఆగిపోయాయి.

“ఈ పొద్దు గూడా పెట్టే వచ్చినా,” అంది నల్లమ్మ.

ఆంజినమ్మ తలుపు బార్లా తెరిచింది. “పోండి. పోయి ఎత్తుకొని రాండి,” అంది.

గది ఖాళీ అయింది. అందరి పిల్లలూ వచ్చారు. ఇద్దరు ముగ్గుర్ని ముఖాన నీళ్ళు చల్లితే గానీ లేపలేకపోయారు. ఆ రోజే దూలానికి చీరలు కట్టి ఉయ్యాలలు వేశారు. రాళ్ళ పని మానేసి పిల్లల్ని చూడడానికి ఖాతూన్‌బీ ఒప్పుకుంది. ఆమెకు జీతం ఇవ్వమని ఆంజినమ్మ పైవాళ్ళ చుట్టూ తిరిగింది. అది వచ్చేదాకా తల్లులు తలా దోసెడు రాగులు ఇచ్చి ఆమెను పోషించారు.

రమీజాకు మిషను వచ్చింది. ఇంటి ముందు పందిరి వేసుకొని సంతకు చొక్కాలు కుట్టసాగింది. కొడుకు ఆలస్యంగా నడిచాడు గానీ బాగానే పెరిగాడు. వాడు పగటిపూట కాస్త ఎక్కువసేపు నిద్రపోతే మాత్రం, ఆమె పని ఆపి లోపలికి వెళ్ళి, వాడి గుండెమీద చెయ్యి వేసి చూసేది.