మూడు చిన్న దెబ్బలు, ఒక పెద్దది

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, సంగీతం టీచరుకి అచ్చంగా అదే జరిగింది. కాకపోతే, ఎదురొచ్చిన పాపానికి కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టింది ఆవిడే. ఆ మాట ముందే అనేస్తే నా కడుపుమంట కాస్త చల్లారుతుంది.

ఆ బడిలో సంగీతం గదంటే పేరుకే గది. ఒక మూల విరిగిన బెంచీలు, ఇంకో మూల చినిగిన మ్యాపులు. వాయిద్యాలంటే ఎనిమిది రంగు డబ్బాలు, నాలుగు నూనె టిన్నులు, మూతలేని వాటర్ క్యాను ఒకటి. అసలైన డ్రమ్ము ఒక్కటే ఉంది, దాని తోలూ అంచున చిరిగింది. సెలవుల్లో రెండ్రోజుల శిక్షణకి వెళ్ళొచ్చిన టీచరు వాటిమీదే ఏడో తరగతికి దేశదేశాల డ్రమ్ముల వాయింపు మొదలుపెట్టింది. అందరూ గుండ్రంగా కూర్చోవాలి. ఒకరు పిలుపు వాయిస్తే మిగతావాళ్ళు జవాబు వాయించాలి. ఎవరైనా తడబడితే పక్కవాళ్ళు అందుకోవాలి గానీ వాయింపు ఆగకూడదు.

"కొన్ని దేశాల్లో డ్రమ్ము మనిషిని పేరుపెట్టి పిలుస్తుందర్రా! మీ పేర్లూ వాయించండి చూద్దాం," అంది.

ఇంత తాపత్రయం ఎవరికోసమనుకున్నారు? ఆ క్లాసులోనే ఉన్న తన అక్క కూతురి కోసం. అక్క పోయాక ఈవిడే పెంచుతోంది. పిల్లకి నత్తి. "పిన్నీ" అనడానికి కూడా పెదాలతో కుస్తీ పట్టాలి. డ్రమ్ముకి నత్తి లేదు కదా! నెల తిరక్కుండా ఆ పిల్ల వంటింటి తలుపుమీద రెండు దెబ్బలు వేసి పిన్నిని పిలవడం నేర్చింది. టక్ టక్. టీచరు ఆ రోజు ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చి, నెపం ఉల్లిపాయలమీదికి నెట్టింది.

పిల్లలంటే దేవుళ్ళని ఎవరన్నారో గానీ, వాళ్ళెప్పుడూ ఏడో తరగతికి పాఠం చెప్పి ఉండరు. అందరి పేర్లూ అయ్యాక క్లాసు లీడరు ఆ పిల్లకీ ఓ పేరు కట్టాడు. మూడు చిన్న దెబ్బలు, కాస్త ఆగడం, ఒక పెద్ద దెబ్బ. త త త... తా! వారం తిరిగేసరికి అది బడంతా పాకింది. బెంచీలమీద, టిఫిన్ డబ్బాలమీద, మెట్ల కమ్మీలమీద అదే మోత. నోరు విప్పి ఒక్కరూ ఒక్క మాట అనలేదు, మరి ఎవర్నని పట్టుకుంటారు? తిలా పాపం తలా పిడికెడు.

ఒక సాయంత్రం తలుపుమీద రెండు దెబ్బలు పడ్డాయి. "ఆ ఆ ఆ... ఆపించు," అంది పిల్ల.

"ఆఫీసరమ్మ వచ్చి వెళ్ళనీ తల్లీ, ఒక్కొక్కడికీ వీపు విమానం మోత మోగిస్తా," అంది టీచరు.

వాయింపు చూడ్డానికి విద్యాశాఖ నుంచి వస్తున్న ఆఫీసరమ్మకి నచ్చితే పదిహేను కొత్త డ్రమ్ములొస్తాయి. నచ్చకపోతే ఆ గదిని స్టోర్‌రూము చేసేస్తానని హెడ్మాస్టారు మొహాన్నే చెప్పాడు.

ఆవిడ రానే వచ్చింది. పిల్లలు మూడు దేశాల వాయింపులు వినిపించారు. ఆవిడ మర్యాదకి తలాడించి వాచీ చూసుకుంది. "మీరు సొంతంగా కట్టుకున్నదేమైనా ఉందా?" అనడిగింది.

లీడరు టీచరు వంక చూడనైనా లేదు. మూడు చిన్నవి, ఒక పెద్దది వాయించాడు. డబ్బాలన్నీ ఒక్కసారిగా జవాబిచ్చాయి. నిజం చెప్పొద్దూ, బాగుంది. అదే కదా దరిద్రం! ఆఫీసరమ్మ లేచి నిలబడింది.

"అబ్బ! ఎవరిదిది?"

"ఆ అమ్మాయిదేనండీ," అన్నారందరూ, మహా వినయంగా.

"ఇలా రామ్మా. ఎలా తట్టింది నీకు?"

పిల్ల ముందుకొచ్చి పిన్ని వంక చూసింది. పిన్ని ఒక్క మాటంటే చాలు, ఇది వాయింపు కాదండీ, వెక్కిరింత అని. టీచరు హెడ్మాస్టారి వంక చూసింది, చిరిగిన డ్రమ్ము వంక చూసింది, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"ఇ ఇ ఇ..." అంది పిల్ల.

పిల్ల నోటితో వాయిస్తోందనుకుని, "అదే, అదే!" అంటూ ఆఫీసరమ్మ కుర్చీమీద తాళం వేసింది.

పిల్ల ఆ మాట కోసం ఇంకా పెనుగులాడుతోంది. మెడ నరాలు ఉబ్బాయి. అప్పుడు లేచాయి టీచరు చేతులు. తడబడితే అందుకోవాలి కదా మరి! మూడు చిన్న చప్పట్లు, ఒక పెద్దది. పిల్లని కాపాడుతున్నాననుకుందో, డ్రమ్ముల్ని కాపాడుకుంటున్నాననుకుందో ఆ క్షణాన ఆవిడకే తెలియదు. తరవాత బాగానే తెలిసింది. క్లాసంతా అందుకుంది. పిల్ల చెప్పబోయిన మాట ఆ మోతలో కలిసిపోయింది.

డ్రమ్ములు మంజూరయ్యాయి. ఆ వాయింపు మిగతా బళ్ళలోనూ నేర్పించాలని ఆఫీసరమ్మ అక్కడికక్కడే రాసుకుంది. హెడ్మాస్టారు మొదటిసారి టీచరుకి టీ తెప్పించాడు, ఆవిడ తాగింది కూడా.

ఆ సాయంత్రం టీచరు పొయ్యి దగ్గర నిలబడి తలుపుకే చెవి అప్పగించింది. అన్నం ఉడికింది, కూర మాడింది, తలుపుమీద దెబ్బ పడలేదు. తిరిగి చూస్తే పిల్ల గుమ్మంలో ఉంది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

"ట ట ట... టీచర్," అంది. "అన్నం పెట్టండి."

ఆ ఇంట్లో ఆ పిల్ల ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదలు. టీచరు కంచం తీసి అన్నం వడ్డించింది. సిగ్గులేని చెవి మాత్రం తన మానాన తాను లెక్కపెట్టుకుంది, మూడు చిన్నవి, ఒక పెద్దది.