కాన్పుల గది తలుపు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పలేదు. ఇంత దూరం వచ్చి పడ్డాక, చెప్పాల్సిన అమ్మమ్మలూ నానమ్మలూ ఫోన్లో బాగున్నారా, తిన్నారా దగ్గరే ఆగిపోతారు. అందుకని ఇప్పుడు వినండి. ఇందులో భయపెట్టే ముక్క ఒకటుంది. దాన్ని తీసేస్తే కథ అబద్ధమవుతుంది, కాబట్టి ఉంచేశాను.

ఒక ఆసుపత్రిలో ప్రశ్నలమ్మ అని ఒకావిడ పనిచేసేది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలీదు. మంచినీళ్ళెక్కడ అని అడిగినా “మీకెక్కడ ఉంటే బాగుంటుందనిపిస్తోంది?” అంటుందని నర్సులు ఆమెను ఆటపట్టించేవారు. తొలిచూలు ఆడవాళ్ళతో మాట్లాడటం ఆమె ఉద్యోగం. పొద్దున్నే వచ్చి గది తాళం తీసేది. అడ్డంగా ఉన్న బల్లని గోడవారకి నెట్టేది. రెండు కుర్చీలూ ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేసేది, మాట్లాడాలనుకున్నవాళ్ళు మొహం చూడొచ్చు, వద్దనుకున్నవాళ్ళు కిటికీ చూడొచ్చు. కూజా నింపేది. వచ్చినామెని ముందు వరండా చివరికి తీసుకెళ్ళి తలుపు చూపించి, ఆ తర్వాతే కూర్చోబెట్టి మాట్లాడేది.

ఆ తలుపు కాన్పుల గదిది. తొలిచూలు మనిషి ఎదురుగా నిలబడితే, కాన్పు గురించి ఆమె మనసులో ఎంత నమ్మకముందో అది అంతే అయ్యేది. నావల్ల అవుతుంది అనుకున్నామెకి మంచం పట్టేంత, ఏమో అనుకున్నామెకి కిటికీ అంత. వడ్రంగి దానికి గడియ బిగించడం ఎప్పుడో మానేశాడు. ఎక్కడ బిగించినా మర్నాటికి గాల్లో వేలాడేదట. నర్సులకి పక్కదారి ఉంది. ఒకసారి ఎవరినో అటునుంచి తీసుకెళ్ళి చూశారు గానీ, లోపలికెళ్ళాక గదే ఇరుకై కూర్చుంది. ఆ తర్వాత ఆ ప్రయత్నం మానుకున్నారు.

దానికి ఎదురుగా ఆపరేషన్ గది. దాని తలుపు మామూలు తలుపు, ఎవరొచ్చినా ఒకటే కొలత. అవసరం పడినవాళ్ళు అందులోంచి వెళ్ళి బిడ్డనెత్తుకుని వచ్చేవాళ్ళు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఈ మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు బస్సు నడిపే అమ్మాయి వచ్చింది. నెలలు దగ్గరపడుతున్నాయని డిపోవాళ్ళు ఆమెను స్టీరింగ్ మీంచి దించి కుర్చీ పనిలో కూర్చోబెట్టారు. అంతా ఆమెను డ్రైవరమ్మ అనేవాళ్ళు. వెంట అత్తగారు. డ్రైవరమ్మ అంతకుముందే డాక్టరుని అడిగేసింది, ఆపరేషన్‌కి ఒక తేదీ ఇచ్చేయండి అని. బిడ్డ చక్కగా తిరిగి ఉంది, ఇప్పటికి కోత అవసరం కనిపించడం లేదు, అయినా నిర్ణయం మీదే, కాకపోతే ఒకసారి ప్రశ్నలమ్మతో మాట్లాడి రండి అన్నాడాయన. ఇంకో మాట కూడా అన్నాడు. తిండీ నిద్రా లేక బీపీ పాకుతోందనీ, ఇలాగే పోతే నిర్ణయం మన ఇద్దరి చేతుల్లోనూ ఉండదనీ.

డ్రైవరమ్మకి ఈ ఒంటితో బిడ్డను కనడం జరిగే పని కాదనీ, గదిలోకి వెళ్తే తిరిగి రాననీ గట్టి నమ్మకం. అది ఎక్కణ్ణించి వచ్చిందో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అత్తగారు చెడ్డమనిషి కాదు. కోడలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే, జాగ్రత్త చెబుతున్నాననుకుని, తన కాన్పు కథ చెప్పేది. తల దువ్వుతూ చెప్పేది, అన్నం వడ్డిస్తూ చెప్పేది. ఎముకలు విరిగినట్టయిందనీ, కళ్ళు బైర్లు కమ్మాయనీ, తన అరుపుకి వీధి చివర కుక్కలు కూడా నోరు మూసుకున్నాయనీ చెప్పి, ఒక నిట్టూర్పు విడిచి, టీ గ్లాసు అందుకునేది. రోజూ అక్కడితోనే ఆపేది.

ఆ మొదటిరోజు ప్రశ్నలమ్మ పొరపాటు చేసింది. మొన్నటిదాకా రోజూ తనని పనికి చేర్చిన బస్సు ఆ అమ్మాయిదే. సందుల్లో అంత పెద్ద బండిని పూలపళ్ళెంలా తిప్పే మనిషి, తలుపు ముందు కాళ్ళు వణుకుతూ నిలబడితే చూడలేకపోయింది. కూర్చోగానే మొదలుపెట్టింది. ఆడదాని ఒళ్ళు దీనికోసమే తయారైందని, లోకంలో ఎంతమంది కనడం లేదని, భయపడితే బిడ్డకి మంచిది కాదని. గోడమీది కాన్పు బొమ్మలు చూపించింది. డ్రైవరమ్మ బుద్ధిగా తలూపింది. మళ్ళీ ఇద్దరూ తలుపు దగ్గరికి వెళ్ళారు.

డ్రైవరమ్మ వంగి చూసింది. “మేడం, ఇందాక తల పట్టేది. ఇప్పుడు చెయ్యి కూడా పట్టదు.”

పక్కదారిలోంచి వస్తున్న పెద్ద నర్సు ఆగింది. “ఏం ప్రశ్నలమ్మా, ఇవాళ జవాబులు పంచిపెట్టావా?”

ప్రశ్నలమ్మ మొహం చిన్నబోయింది. మనిషిని నెడితే మనిషి వెనక్కి నెడుతుందని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది తనే. ఆ సాయంత్రం డ్రైవరమ్మ సీట్లో వేరే డ్రైవరున్న బస్సులో ఇంటికి పోతూ, దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది.

తర్వాతి వారం బొమ్మల జోలికి పోలేదు. ఇది నావల్ల అవుతుందన్న నమ్మకం పదికి ఎంతుందని అడిగింది. డ్రైవరమ్మ కిటికీలోంచి చూస్తూ, రెండు అంది.

“సున్నా ఎందుకు కాదు?”

“ఇదేం ప్రశ్న మేడం? రెండే ఎందుకని అడుగుతారనుకున్నా.”

ప్రశ్నలమ్మ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. చాలాసేపటికి డ్రైవరమ్మే నోరు విప్పింది. మొదటిసారి బస్సు చేతికిచ్చిన రోజున, మార్కెట్ మలుపులో గోడకి గీస్తుందా గీయదా అని డిపోలో మగాళ్ళు పందేలు కాశారట. కాళ్ళు ఒకటే వణుకు. అయినా తిప్పింది.

“వణుకు ఆగాక తిప్పారా?”

“ఆగేదాకా ఆగితే జనం ఇప్పటికీ ఆ సందులోనే ఉండేవాళ్ళు.”

“అంటే వణుకుతూనే తిప్పారు.”

డ్రైవరమ్మ మొదటిసారి కిటికీ వదిలి ఈవిడ మొహం చూసింది. ఆ రోజు తలుపు నడుమెత్తుంది.

అలా వారం వారం పెరుగుతూ వచ్చింది. నొప్పి వస్తే ఏం చెయ్యాలనుకుంటున్నారు, పక్కన ఎవరుంటే బాగుంటుంది, అవసరమై ఎదుటి తలుపులోకి వెళ్ళాల్సి వస్తే ఎలా అనిపిస్తుంది, అన్నీ ప్రశ్నలే. జవాబులన్నీ డ్రైవరమ్మవే. తిండి ఒంటబట్టింది, బీపీ దిగింది. అయితే గదిలో మాట్లాడాక భుజమెత్తు పెరిగిన తలుపు, ఇంటికెళ్ళి వచ్చేసరికి మళ్ళీ మోకాలెత్తయ్యేది. ఆ ముసలావిడ నోటికి తాళం వెయ్యి అని పెద్ద నర్సు సలహా ఇచ్చింది. ప్రశ్నలమ్మకీ నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది. నెడితే ఏమవుతుందో ఒకసారి చూసింది కదా. వచ్చే వారం అత్తగారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడదామా అని డ్రైవరమ్మనే అడిగింది. సరే అంది. ఆ వారం రాకముందే నొప్పులు వచ్చేశాయి.

పొద్దున ప్రశ్నలమ్మ ఇంకా బల్ల నెట్టకముందే అత్తాకోడళ్ళు దిగారు. డ్రైవరమ్మ గోడ పట్టుకుని, నొప్పి వచ్చినప్పుడు ఆగుతూ, పోయినప్పుడు నడుస్తూ తలుపు దగ్గరికి చేరింది. భుజాలదాకా ఉంది. కాస్త వంగితే పట్టేదే. అంతలో నొప్పి మెలిపెట్టి ఒక మూలుగు వచ్చింది. ఆ మూలుగు వినేసరికి అత్తగారి గుండె జారిపోయింది. భయంలో మనిషికి అలవాటైన మాటే నోటికొస్తుంది. “అయ్యో తల్లీ, నాకూ ఇలాగే మొదలైంది, ఎముకలు విరిగినట్టయి, కళ్ళు బైర్లు కమ్మి...”

తలుపు చప్పుడు లేకుండా మోకాళ్ళ దగ్గరికి దిగిపోయింది.

పెద్ద నర్సు అత్తగారి రెక్క పట్టుకోబోయింది. డాక్టరు బిడ్డ గుండె విని, బాగానే ఉంది, తొందరేం లేదన్నాడు. ఎదుటి ఆపరేషన్ గది తలుపు కూడా తెరిచే ఉందని చెప్పాడు.

డ్రైవరమ్మ చెమట తుడుచుకుంది. “కావలసి వస్తే అటే వెళ్తాను డాక్టర్‌గారూ. పారిపోడానికి మాత్రం వెళ్ళను.”

అలా అనేసి అక్కడే, మోకాలెత్తు తలుపు ముందు, గోడకి చేతులానించి నిలబడిపోయింది. ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు.

ప్రశ్నలమ్మకి ఏం కాదమ్మా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకుంది. అప్పుడు అత్తగారి వైపు తిరిగింది.

“కళ్ళు బైర్లు కమ్మాయి. అరిచారు. కుక్కలు నోరు మూసుకున్నాయి. తర్వాత ఏమైంది పెద్దమ్మా?”

అత్తగారు తెల్లమొహం వేసింది. “తర్వాతేముంది?”

“అదే అడుగుతున్నా. తర్వాత?”

ఇన్నేళ్ళలో ఆ మాట ముసలావిడని అడిగినవాళ్ళు లేరు. అందరూ కుక్కల దగ్గరే అయ్యో అనేవాళ్ళు, ఆమె కూడా అక్కడే ఆపేది.

“తర్వాత... ఒక నర్సమ్మ నా వీపు రాసింది. చేతులు వెచ్చగా ఉన్నాయి. అదిగో తల, అంది. నేను నమ్మలేదు. చెయ్యి పట్టి తాకించింది.” ఆమె వేళ్ళతో కొలత చూపించింది. “తడిగా, మెత్తగా, ఇంత జుట్టు. తర్వాత వాడు వచ్చేశాడు. ఏడుస్తాడనుకుంటే తుమ్మాడు. నవ్వొచ్చింది నాకు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది, అయినా పడీపడీ నవ్వాను. తర్వాత ఆకలేసింది. అంత ఆకలి నా జన్మలో వెయ్యలేదు.”

“ఇదెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?” అంది డ్రైవరమ్మ.

“మర్చిపోయానే. కష్టం గుర్తున్నట్టు సుఖం గుర్తుండి చావదు.”

తలుపు లేచింది. బారుగా తెరుచుకుందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, అలా జరగలేదు. భయం ఉంది కదా మరి. కోడలి ఎత్తు ఎంతో అంత ఎత్తు, పొట్టతో సహా ఎంత వెడల్పో అంత వెడల్పు. అంతకు వేలెడు కూడా ఎక్కువ లేదు. డ్రైవరమ్మ దాన్ని పైనించి కిందిదాకా ఒకసారి చూసి, ఇంకో నొప్పి రాకముందే ఒక కాలు లోపల పెట్టింది. పెట్టి, చెయ్యి వెనక్కి చాపింది.

“రండి అత్తయ్యా. మిగతాది లోపల చెబుదురుగాని.”

అత్తగారు జంకుతూ ఆ చెయ్యి అందుకుంది. తలుపు ఇంకాస్త జరిగి ఇద్దరికీ చోటిచ్చింది.

ప్రశ్నలమ్మ బయటే ఉండిపోయింది. లోపలినించి అరుపులు వినిపించాయి. నొప్పి ఉండదని మీకెవరైనా చెబితే నమ్మకండి. అరుపుల మధ్య అత్తగారి గొంతు కూడా వినిపించింది, “తర్వాత? తర్వాత?” అంటూ, ఈసారి తనే నర్సుల్ని అడుగుతూ. ఎండ వరండా సగందాకా పాకేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం.

అత్తగారు బయటికొచ్చేటప్పటికి బెంచీ మీద ఎవరో కొత్తమ్మాయి, తొలిచూలు, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ అరుపులన్నీ విన్నట్టుంది. ఎలా ఉంటుందండీ అని అడిగింది. ప్రశ్నలమ్మ ఊపిరి బిగబట్టింది. అత్తగారు ఆ పిల్ల పక్కన చతికిలబడింది. “అబద్ధమెందుకు, చాలా నొప్పి తల్లీ,” అని మొదలుపెట్టింది. కుక్కల దాకా వచ్చింది. ఒక నిట్టూర్పు విడిచింది. ఎవరో టీ అందించారు. గ్లాసు పక్కన పెట్టేసి, “ఆ తర్వాత...” అంది.

పిల్లలూ, మీరూ ఈ కథ ఎవరికైనా చెప్పండి. తొందర పనేదైనా ఉంటే ఆ రోజుకి మొదలుపెట్టకండి. మొదలుపెడితే మాత్రం మధ్యలో ఆపకండి.